హనుమక్క సమ్మతి

నీళ్ల ట్యాంకరు పైనుంచి దిగబోతే డ్రైవరు ఓబులేసు లుంగీ కొక్కేనికి తగులుకుని పైనే ఉండిపోయింది, అతనొక్కడే దిగాడు. వీధంతా నవ్వింది. హనుమక్క మాత్రం మొహం తిప్పుకుని, బిందె కింది చుట్టగుడ్డ విప్పి అందించింది. అప్పటినుంచి ఆమె మీద అందరికీ అనుమానం. గొంతు పెంచదు, వరసలో ఎవర్నీ తోయదు. "అంత మెత్తగుండాదంటే లోపలేదో ఉండాది. వాడూ ఈమే ఒకటే" అనేది పొరుగింటి గంగమ్మ.

ఆ కరువు వేసవిలో ఓబులేసు వీధికొచ్చిన నీళ్లను ట్యాంకరు కాంట్రాక్టరు చీనీతోటకు మళ్లించబోయాడు. చూస్తే హనుమక్క బండి ముందు చక్రానికి ఆనుకుని కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

"లెయ్యక్కా, బండి పోవల్ల."

"అట్లేన్నా."

హారను మోగించాడు. ఆమె కొంగు సర్దుకుంది.

"ఇద్దరూ ఆడే నాటకమిది" అంటూనే గంగమ్మ బిందె తెచ్చి ఆమె వెనక నిలబడింది.

"అట్లే అంటివి కదక్కా!" ఓబులేసు ఏడుపుగొంతుతో అన్నాడు.

"అంటిని గానీ, లేస్తానంటినా అన్నా?"