పక్క షెడ్డు వాళ్ల రింగు

తొంభైల మొదట్లో నాచారంలో మాకో రేకుల షెడ్డు ఉండేది. ప్రెషర్ కుక్కర్లకు రబ్బరు రింగులు చేసేవాళ్లం. అవి అమ్మకముందే పగుళ్లిచ్చేవి. "అక్కా, ఇంకోసారి గిట్లయితే ఆర్డర్ బంద్" అన్నాడు లాలాపేట వ్యాపారి.

ఉప్పల్‌లో రబ్బరు ఇంజనీర్ల సంఘం ఉపన్యాసం పెడితే వెళ్లాను. ప్రవేశ రుసుము బేరమాడబోయి భంగపడి, వాళ్లిచ్చిన పేరు చీటీ కొంగుకు పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాను. చివర్లో పగిలిన రింగు తీశాను. మాదంటే బజారులో పరువు పోతుందని, "మా పక్క షెడ్డు వాళ్లది సార్, ఎందుకిట్ల పగిలింది?" అన్నాను.

ఉపన్యాసమిచ్చిన పెద్దాయన రింగు తిప్పి చూశారు. "దీని మీద వసుంధర అని అచ్చుంది. మీ చీటీ మీద గూడ గదే ఉన్నదమ్మా!"

హాలంతా ఘొల్లుమంది. కుర్చీ కింద దూరాలనిపించింది.

నవ్వులు ఆగాక, "వీటిని ఎక్కడ పెడుతున్రు?" అన్నారాయన.

"గేటుకు లాగి కట్టి, తోరణం లెక్క..."

"ఎండల, సాగదీసి! పగలక ఏం జేస్తయి తల్లీ?"

కిరాణా కొట్లో పెరిగినదాన్ని, సరుకు బయట వేలాడితేనే గిరాకీ అనుకున్నాను. మర్నాడే రింగుల్ని విప్పి నీడకు మార్చాను. ఆర్డర్ పోకుండా నిలిచింది, సంఘంలో చేరాను.

తర్వాత అక్కడ పాడైన సరుకు ఎవరు తెచ్చినా "మా పక్క షెడ్డు వాళ్లది" అనే మొదలుపెట్టేవాళ్లు. ఎవరిదని ఎవరూ అడిగేవాళ్లు కాదు, మందు మాత్రం చెప్పేవాళ్లు.