గార్డు మావయ్య నోట నా మాట

శుక్రవారం మూడో పీరియడ్‌లో, ఎనిమిదో తరగతికి భిన్నాలు చెబుతుండగా, అత్తయ్య ఫోన్ చేసింది. స్కూల్లో ఉంటానని తెలిసి కూడా చేసిందంటే ఏదో అయ్యిందనుకుంటూనే వరండాలోకి వెళ్ళాను. "మీ మావయ్య నేరే" అంది. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. నేను క్లాసులోకి తిరిగి వెళ్ళి సగంలో ఆపిన లెక్క పూర్తి చేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నానికల్లా, ఆదివారాలు కలిసి ఒకే బ్యాండు రికార్డులు వినే మా వాట్సాప్ గ్రూపులో తగువు మొదలైంది. ఉండేది నలుగురం, అప్పటికి ముగ్గురం. ఆయన కోసం ఏ రికార్డు పెట్టాలన్నది తగువు. బ్యాండు నాలుగో రికార్డు అన్నారు దాదా. కాదు, బాస్ గిటార్ వాయించేవాడి సోలో అన్నాడు కీబోర్డు అన్నయ్య. మనిషిని ఇంకా ఇంట్లోంచి తియ్యనే లేదు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళిద్దరికీ ఏడవడం అలాగే వచ్చని తెలుసు గనక ఊరుకున్నాను. నేను ఒక్క అక్షరం రాయలేదు. వచ్చే ఆదివారం వాళ్ళిద్దరి ముందూ ఒక నిజం చెబుతానని మావయ్యకి మాటిచ్చి అప్పటికి రెండు రోజులే అయింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే రిటైరైన గూడ్సు గార్డు. మా తాతా, ఈయన నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులోకి ఒకే ఏడాది వచ్చారు గనక మావయ్య అయ్యారు. ఆయన చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో పక్కింటి ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఊరొదిలి వెళుతూ కొన్ని రికార్డులు ఇచ్చిపోయాడట. వాటిలో ఒకటి ఈ ఇంగ్లండు బ్యాండుది. బ్యాండు పేరు చెప్పను. చెబితే దాని అభిమానులు ఇది చదవడం ఆపేసి దెబ్బలాటకి దిగుతారు.

ప్రోగ్రెసివ్ రాక్ అంటారు ఆ సంగీతాన్ని. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. ఏడు లెక్కలో నడుస్తున్నది చెప్పాపెట్టకుండా ఐదులోకి పోతుంది, తాళం వేద్దామనుకున్నవాడు అభాసుపాలవుతాడు. ఐదుగురు వాయించేవారు. విడిపోయాక ఎవరి సోలో రికార్డులు వాళ్ళు చేసుకున్నారు. అప్పటినుంచీ ఆ బ్యాండు పిచ్చివాళ్ళంతా కొట్టుకునేది ఒక్క విషయం మీదే. ఐదుగురిలో ఆ బ్యాండు ఎవరిది, దాని ప్రాణం ఎవరి సోలోలో మిగిలింది?

ప్రతి ఆదివారం పదింటికి హిజ్లీ దగ్గర దాదా ఇంట్లో మేమూ అదే పని చేసేవాళ్ళం, ఎక్కువగా హిందీలో. దాదా క్యాంపస్ లైబ్రరీలో పనిచేసి రిటైరైన బెంగాలీ పెద్దమనిషి, గిటారు పక్షం. కీబోర్డు అన్నయ్య చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, వేరే చెప్పక్కర్లేదు. ఆరాధన తొందరగా ముగిసిన వారం పదిన్నరకి వచ్చేవాడు, లేకపోతే పన్నెండుకి. మావయ్య బాస్ పక్షం. నేను ఎవరి పక్షమో వాళ్ళిద్దరూ ఏనాడూ అడగలేదు. నేనేదైనా అంటే దాదా "హ్యాఁ, హ్యాఁ" అని మర్యాదగా తలూపి అన్నయ్య వైపు తిరిగేవారు.

మావయ్యకి బాస్ ఎందుకంటే తను గార్డు గనక. ఐదుగురిలో వెనకాల నిలబడేవాడు, ఎవరి కంటా పడనివాడు, ఆయన లెక్కలో గార్డే. "ముందల డ్రైవరున్నాడని అందరికీ తెలుసు. బండంతా వచ్చినాదా నేదా సెప్పేది ఎనకోడే" అనేవారు. పాట మొదలవగానే చేతి గడియారం చూసుకునేవారు. పాట నడుస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. అయిపోయాక, రెండు నలభైకి ఎక్కినాడు, పదకొండుకి దిగిపోయినాడు, మజ్జిలో ఎక్కడా నిద్దరోలేదు, అని నివేదిక ఇచ్చేవారు. మేం ముగ్గురం నవ్వేవాళ్ళం గానీ మళ్ళీ పెట్టుకుని చూస్తే సరిగ్గా రెండు నిమిషాల నలభై సెకన్లకే బాస్ మొదలయ్యేది.

రెండేళ్ళ కిందట ఒక శనివారం ఆయన ఇంట్లో బాసిస్టు మూడో సోలో సీడీ పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని తలాడిస్తూ కూర్చున్నారు. నాలుగో నిమిషంలో సీడీ ఇరుక్కుంది. అదే ముక్క పదిసార్లు, పదిహేనుసార్లు. లేచి ఏదో ఒకటి అంటారని చూశాను. తల ఆడుతూనే ఉంది. నేను పూర్తిగా ఆపేశాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన తల ఇంకా ఆడుతూనే ఉంది.

కళ్ళు తెరిచి నా మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. మాటలు, ఎదురుగా కూర్చుని చెబితే, చాలావరకు అందుతాయట. పాటే పోయిందట. అన్నీ కలిసిపోయి గోడ అవతల ఎవరో బల్ల ఈడుస్తున్నట్టు ఉంటుందన్నారు. చెవి మిషను పెట్టుకుంటే రేకు డబ్బా మోతట. ఎప్పటినుంచని అడిగితే చెప్పలేదు.

"దాదాకి సెప్పకే గుంటా" అన్నారు. "ఆడు తిడితే పడతాను. జాలి పడితే మరి ఆ గుమ్మం ఎక్కనేను."

అలా మొదలైంది మా దొంగతనం. ఆ వారం వినాల్సిన రికార్డేదో దాదా ముందే చెప్పేవారు. నేను వారమంతా అది విని శనివారం సాయంత్రం అత్తయ్య ఇచ్చిన మరమరాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని మావయ్య ఎదురుగా కూర్చునేదాన్ని. పాట ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ నెమ్మదిస్తుంది, ఎవరి మీద ఎవరు అరుస్తారు, అన్నీ అడిగేవారు. ఆఖర్న, "నీకేటనిపించినాది?" అనేవారు. ఆ ప్రశ్న నన్ను అడిగిన మనిషి ఆయనొక్కరే. మర్నాడు దాదా ఇంట్లో ఆయన ఆ మాటలే చెప్పేవారు. నేను పక్కన కూర్చుని, దాదా అనుమానపడి ఏదైనా అడుగుతారేమోనని కాచుకుని ఉండేదాన్ని. పాట ముగియగానే మావయ్య మోకాలి మీద వేలితో తట్టడం నా పని.

ఎవరికీ అనుమానం రాలేదు. పైగా మావయ్య వయసు పెరిగేకొద్దీ పదునెక్కుతున్నారని అన్నయ్య అనేవాడు. అదే మాట నేనంటే వినిపించుకోని దాదా, మావయ్య నోట వచ్చేసరికి పెన్ను తీసేవారు. నాకు కోపం వచ్చేది. సంతోషమూ వేసేది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకు అప్పుడే తెలిసింది.

ఇరుక్కుపోయిన ఆ మూడో సోలోనే చివరికి కొంప ముంచింది. దాదాకి అది పరమ అసహ్యం. సగంలో వదిలేసిన పనిలా ఉంటుంది, అంతా ఖాళీయే అనేవారు. ఈ ఏడు దాన్ని మళ్ళీ పెట్టారు. మావయ్య నిదానంగా నేను చెప్పిన మాట చెప్పారు. బ్యాండులో ఉన్నప్పుడు ఆ మనిషి నలుగురికి చోటు వదిలి వాయించాడు, ఒంటరివాడయ్యాక కూడా ఆ నలుగురి చోటూ అలాగే ఖాళీగా ఉంచి వాయించాడు, మనకి వినబడే ఖాళీ అదే, అని. దాదా లేచి రికార్డు మళ్ళీ మొదటినుంచి పెట్టారు. ముప్ఫై ఏళ్ళుగా తిట్టిన రికార్డు ముందు ఓడిపోయానని ఒప్పుకున్నారు. మావయ్య మాటని ఇంటర్నెట్లో అభిమానుల పేజీలో పెడితే ఎక్కడెక్కడివాళ్ళో ఖరగ్‌పూర్ గార్డుకి సలాములు పంపారు.

మరుసటి ఆదివారం దాదా ఆ సలాములు గట్టిగా చదువుతుంటే మావయ్య చెయ్యెత్తారు. "దాదా, ఒక మాట. అది నాను..." అని మొదలుపెట్టారు. ఏం చెప్పబోతున్నారో నాకు తెలుసు. టీ చల్లారిపోతోందని గ్లాసు ఆయన చేతిలో పెట్టేశాను. పని ఉందన్నాను, అత్తయ్య తొందరగా రమ్మందన్నాను, ఆయన్ని స్కూటర్ ఎక్కించేదాకా నోరు ముయ్యలేదు.

ఇంటి దగ్గర దిగి, "ఎందుకాపినావు?" అని అడిగారు.

మీ పరువు పోతుందని, అన్నాను.

"నా పరువు మాట నాను సూసుకుంటాను. నీకు బయ్యం. అది నీ మాటని తెలిస్తే ఆళ్ళు దాన్ని కిందడేస్తారని బయ్యం."

నిజమే గనక నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఆ శనివారం వెళ్ళలేదు. ఆదివారం మాత్రం ఆయన్ని స్కూటర్ మీద తీసుకెళ్ళాను, దారంతా మాట్లాడకుండా. దాదా డ్రమ్మరు కొత్త సోలో పెట్టారు. మావయ్య నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. పాట అయిపోయినా మోకాలి మీద తట్టలేదు. ఆయన అలా గడియారం చూసుకుంటూ, ఆగిపోయిన రికార్డుకి తలాడిస్తూ కూర్చున్నారు. దాదా ఎలా ఉందని అడిగాక, మొహంలో మొహం పెట్టి మళ్ళీ అడిగాక, "ఇయాల నాకేటీ తెలీనేదు" అన్నారు. డ్రమ్మరుకి ఇంతకు మించిన తిట్టు లేదని దాదా, అన్నయ్య పగలబడి నవ్వారు. మావయ్య కూడా నవ్వారు. నేను ఆయనకి చేసిన అన్యాయాలన్నిటిలోకీ అది పెద్దది.

బుధవారం బడి అయిపోగానే వెళ్ళాను. తప్పయిపోయిందని చెప్పాను. ఆయన పట్టించుకోలేదు. డ్రమ్మరు సోలో ఎలా ఉందో చెప్పమన్నారు. ఒక్కో పాటా చెప్పాను. అంతా విని, "బాగుంది. ఇది మట్టుకు నాను సెప్పను. ఆదివారం నువ్వే సెప్పాలి. నా సెవుల సంగతీ నువ్వే సెప్పాలి" అన్నారు. సరే అన్నాను. అత్తయ్యని పిలిచి నాకు ఇంకో గిన్నె మరమరాలు వెయ్యమన్నారు. అదే ఆఖరు.

పెద్దకార్యం అయ్యాక వచ్చిన ఆదివారం దాదా ఇంట్లో కూర్చున్నాం. ఏ రికార్డన్న తగువు తేలక, ఆయన ఆఖరిసారి విన్నది గనక డ్రమ్మరు సోలోనే పెట్టారు. అన్నయ్య రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. దాదా మావయ్య మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ, ఆ నలుగురి చోటు మాట కూడా చెప్పి, అంత గొప్ప చెవి ఈ ఊళ్ళో ఇక ఉండదన్నారు.

"మావయ్యకి వినబడేది కాదు దాదా" అన్నాను. "రెండేళ్ళుగా."

తెలుగులో అనేశాను, ఆయనకి అర్థం కాలేదు. హిందీలో మళ్ళీ చెప్పాను. శనివారాల సంగతి, మోకాలి సంగతి, అన్నీ చెప్పాను. దాదా మొహం ఎర్రబడింది. అయితే తను ఓడిపోయింది ఎవరి చేతిలో అని అడిగారు. నా చేతిలో అన్నాను. ఆయన లేచి వరండాలోకి వెళ్ళి గ్రిల్ పట్టుకుని మాకు వీపు పెట్టి నిలబడ్డారు. రెండేళ్ళు ఎదురుగా కూర్చుని కూడా తనకి తెలియలేదని తన మీద కోపమో, మోసపోయానని నా మీద కోపమో నాకు తెలియలేదు. అన్నయ్య నన్ను చూడలేక నేల చూస్తున్నాడు. ఇక ఈ ఆదివారాలు అయిపోయినట్టేనని, మావయ్య పరువు నా నోటితో నేనే తీశానని అనుకున్నాను. చెప్పులు వేసుకోబోయాను.

దాదా లోపలికి వచ్చారు. కళ్ళు తడిగా ఉన్నాయి. నన్ను కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, రికార్డు తిరగేసి, సూది దించబోయి ఆగారు.

"ఎబార్ బోలో" అన్నారు. ఇక నువ్వు చెప్పు, అని.

చెప్పడానికి నా దగ్గర బోలెడు ఉంది. వారాల తరబడి విన్నాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. చెప్పబోయేది నా మాటే అయినా "మావయ్య ఏమనేవారంటే" అని వచ్చేసింది.

ఎవరూ నవ్వలేదు. నేను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేదాకా దాదా సూదిని వేళ్ళతో ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డారు.