మెయిన్ బంద్ చేసినా తిరిగిన మిక్సీ

నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో నేను పదిహేనేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. అందులో ఏటా నెల రోజులు కరెంటు పాఠాలే. అందుకని చిక్కడపల్లిలో మేం కిరాయికుండే ఇంట్లో స్విచ్చు పాడైనా, ట్యూబులైటు మినుకుమన్నా ఎలక్ట్రీషియన్‌ను పిలవడం నాకు నామోషీగా ఉండేది.

ఒక ఆదివారం పొద్దున హాల్లో ఫ్యాను స్విచ్చు మార్చడానికి పూనుకున్నాను. పద్ధతి ప్రకారం ముందు వరండాలోకి వెళ్ళి, మీటరు కింద ఉన్న మెయిన్ స్విచ్చు బంద్ చేశాను. అదొక పాత ఇనుప డబ్బా, పక్కన పిడి. పిడి కిందికి లాగితే బంద్, పైకి నెడితే ఆన్. కిందికే లాగాను. స్క్రూడ్రైవరు పట్టుకుని స్టూలెక్కి, బోర్డు మూత విప్పి, మొదటి వైరు మీద వేలు పెట్టబోతుంటే వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది.

"ఏవండీ, మెయిన్ బంద్ చేస్తనన్నరు గద. చేసిండ్రా?"

"చేసిన."

"మరి నా మిక్సీ ఎట్ల తిరుగుతున్నది?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పల్లీ చట్నీ నలుగుతున్న ఆ మోత అప్పటిదాకా నా చెవిలో పడుతూనే ఉంది. బుర్రకే చేరలేదు. స్టూలు దిగాను.

ఇద్దరం వరండాలోకి వెళ్ళి చూశాం. పిడి కిందికే ఉంది. లోపల పడగ్గదిలో ఫ్యాను హాయిగా తిరుగుతోంది. నేను పిడిని పైకీ కిందికీ ఐదుసార్లు ఆడించాను. ప్రతిసారీ డబ్బాలో తేనెటీగ ఇరుక్కున్నట్టు చప్పుడు. ఐదోసారికి కాలిన వాసన కూడా వచ్చింది. లోపల ఏం జరిగి ఉంటుందో నేను మా ఆవిడకు వివరించడం మొదలుపెట్టాను.

"పాఠం తర్వాత చెప్పుండ్రి. ముందు దాన్ని ముట్టుడు ఆపుండ్రి," అని ఆమె లోపలికి వెళ్ళి గీజరు, ఫ్రిజ్, ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపేసి, అశోక్ నగర్‌లో ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసింది.

ఈలోగా పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు దిగివచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. చేతిలో అప్పడాల కర్ర ఉంది.

"ఇది జర మొండిది సార్. ఒక్కటి తగిలిస్తే దారికొస్తది. ముప్పై ఏండ్ల సంది నేనిట్లనే చేస్తున్న."

నాకు ఒళ్ళు మండింది. "అంకుల్, మీ మెయిన్ పాతదైపోయింది. మీరు పట్టించుకోరు, మేం పరేషాన్ అవుతున్నం," అని ఓనర్ల బాధ్యత గురించి కొంత మాట్లాడాను. నేను మాట్లాడుతుండగానే ఆయన కర్ర ఎత్తాడు. మా ఆవిడ ఆయన చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుని వంటింట్లో పెట్టేసి వచ్చింది.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. మహబూబ్‌నగర్ నుంచి బిల్డింగు పనులకు వచ్చి, ఇక్కడే వైరింగు నేర్చుకున్నాడట. డబ్బాను ముట్టుకోలేదు. దూరం నుంచే టార్చి వేసి చూశాడు, వాసన చూశాడు.

"ఎవరన్న చెయ్యి పెట్టిండ్రా?"

"పిడి ఒక్కటే ఆడించిన. నేను ఫిజిక్స్ లెక్చరర్‌ను," అన్నాను.

"అట్లనా సార్. అయితే మీరు జర ఇంకింత దూరం నిలబడుండ్రి."

చెక్క పీట మీద, రబ్బరు చెప్పులతో నిలబడి విప్పితే ఏమీ కాదని సలహా ఇచ్చాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"ఇంట్ల ఏది ఖరాబైనా మెయిన్ బంద్ చేసి చూస్తం సార్. మెయినే ఖరాబైతే ఏం బంద్ చెయ్యాలె? స్తంభం మీదికెల్లి వచ్చే కరెంటు ఈ డబ్బాల ఎప్పటికీ ఉంటది. ఆఫీసోళ్ళొచ్చి పైన తియ్యాలె. అప్పటిదాక నేను ముట్ట, మీరు ముట్టొద్దు."

కరెంటాఫీసుకు కంప్లయింటు ఇచ్చాం. లైన్‌మన్ మధ్యాహ్నం వచ్చాడు. అతను స్తంభం ఎక్కేలోపల ఎలక్ట్రీషియన్ తన టెస్టరును మా ప్లగ్గులో పెట్టి, వెలుగుతోందో లేదో చూసుకున్నాడు. టెస్టరే చెడిపోయి ఉంటే కరెంటు ఉన్నా లేదని చూపిస్తుందట. స్తంభం మీద ఫ్యూజు తీయగానే, పై అంతస్తులో టీవీ చూస్తున్న ఓనరు గొంతు వినిపించింది.

"కరెంటు పోయింది. ఆఖరి ఓవర్లు నడుస్తున్నయి."

"మీ మెయిన్ మంచిగ చేస్తున్నరు అంకుల్," అంది మా ఆవిడ.

మ్యాచి పోయాక ఆయనకు పని లేక మళ్ళీ కిందికి వచ్చాడు. డబ్బా విప్పేసరికి లోపల ఒక రాగి పలక కాలి, కరిగి, దాని పట్టీకి అతుక్కుపోయి ఉంది. బయట పిడి కిందికి వస్తోంది గాని లోపల పలక కదలడం లేదు. నేను ఓనరు వైపు అర్థవంతంగా చూశాను. అంతలో ఎలక్ట్రీషియన్ పక్కనున్న తెల్ల పింగాణీ ఫ్యూజు ఊడదీసి వెలుతురుకు పట్టాడు. వెంట్రుకంత సన్నటి తీగ ఉండాల్సిన చోట అగ్గిపుల్లంత లావు రాగి తీగ మెలితిప్పి ఉంది.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

"నేనైతే పెట్టలే," అన్నాడు ఓనరు.

మా ఆవిడ నా వైపు చూసింది. ఎలక్ట్రీషియన్ కూడా చూశాడు. మీటరు మీద నంబర్లు చదువుతూ నిలబడదామనుకున్నాను గాని లాభం లేకపోయింది.

"ఎండకాలంల కూలర్ వేస్తే ఊకె ఫ్యూజు పోతుండె. పరీక్ష పేపర్లు దిద్దాలె..."

"అది పోవాల్నని పెట్టిందే గద సార్. మీరు దాన్ని పోనియ్యలే, ఇది కాలింది."

అదే ముక్క నేను పిల్లలకు ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. ఓనరు మొహంలో మ్యాచి గెలిచిన కళ వచ్చింది. "నా మెయిన్ పాతదైపోయిందన్నరు గద సార్," అని మాత్రం అని, మా ఆవిడ ఇచ్చిన టీ తాగాడు.

సాయంత్రానికి కొత్త మెయిన్ బిగించారు. దాంతోపాటు, ఎక్కడైనా కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చు కూడా పెట్టారు. మూడోరోజు పొద్దున గీజరు వేయగానే అది టక్కున పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. మూడోసారి వేయబోతే మా ఆవిడ ఫోన్ నా చేతికిచ్చింది. కొత్తదే ఇంత తొందరగా చెడిపోయిందేమిటని ఎలక్ట్రీషియన్‌ను నిలదీశాను.

"అది చెడిపోలే సార్, పని చేస్తున్నది. మీ గీజర్ల లీకున్నది. దాన్ని ముట్టకుండ్రి, నేనొస్త."

వచ్చి విప్పి చూస్తే గీజరులో నీళ్ళు కాచే కాయిలు పగిలి ఉంది. అది ఎన్నాళ్ళుగా అలా ఉందో, ఎన్ని స్నానాలు చేశామో నేను ఆలోచించదలచుకోలేదు. కొత్త కాయిలు దొరికేదాకా నాలుగు రోజులు మా ఆవిడ గ్యాస్ స్టవ్ మీద నీళ్ళు కాచింది. బకెట్లు మోసింది మాత్రం నేనే, ఏ పాఠమూ చెప్పకుండా.