మా పొయ్యి వాట్లు, సుజాత పొయ్యి వాట్లు

చిన్నప్పుడు నా కడుపుమంటకు ఒకటే పేరు... సుజాత. తెలకపల్లిలో మా ఎదురిల్లు, పదో తరగతిలో నా పక్క సీటు.

ఒకరోజు ఫిజిక్స్ సారు ఇంట్లో కరెంటు పొయ్యి ఉన్నవాళ్లను బడికి తెమ్మన్నారు. క్లాసు మొత్తానికి రెండే వచ్చాయి... మాది, సుజాతవాళ్లది. మాది కొత్తది. వాళ్ల పొయ్యి స్ప్రింగు రెండుసార్లు తెగితే, వాళ్ల నాయన కాలిన ముక్కలు తీసేసి కొసలు మెలిపెట్టాడు.

వోల్టేజి 220. అమ్మీటరు పెడితే మాది ఐదు ఆంపియర్లు, వాళ్లది ఐదున్నర. ఓములు, వాట్లు లెక్కగట్టమన్నారు సారు. నేను కాగితం తీసేలోపే సుజాత లేచింది.

"సార్, వాళ్లది నలభై నాలుగు ఓములు, పదకొండు వందల వాట్లు. మాది నలభై ఓములు, పన్నెండు వందల పది. స్ప్రింగు పొట్టిగైంది గద సార్, గందుకే కరెంటు ఎక్కువ గుంజుతది. మా ఇంట్ల చాయ్ జల్ది మసులుతది."

"శభాష్ బిడ్డా!" అన్నారు సారు.

కొత్త పొయ్యి మాది... శభాష్ ఆమెకా! నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం అమ్మ పొలం నుంచి వచ్చేలోపు కటింగ్ ప్లేయరుతో మా స్ప్రింగును సరిగ్గా సగానికి కత్తిరించాను. సగం పొడవంటే ఇరవై రెండు ఓములు... పది ఆంపియర్లు... రెండు వేల రెండు వందల వాట్లు! మూడుసార్లు సరిచూసుకున్నాను. ఆ సగాన్నే పొయ్యి పలక మీది గాడి పొడవునా సాగదీసి బిగించి, సుజాతను పిలుచుకొచ్చాను.

"జూడు పిల్లా... మీ ఇంట్ల కంటె జల్ది మసులుతది" అని స్విచ్ వేశాను.

స్ప్రింగు భగ్గుమని ఎర్రబడింది. ఠప్! ఇంట్లో కరెంటు పోయింది. అప్పుడే అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏందే గిది? మంచిగున్న పొయ్యిని ఖరాబు జేసినవా? ఇగ దేనిమీద వండాలె?" అని వీపు మీద రెండు వేసింది.

సుజాత నవ్వలేదు. మెయిన్ బంద్ చేసి, ఫ్యూజుకు కొత్త తీగ చుట్టింది. "లెక్క కరెక్టేనే. ఫ్యూజు ఎంత ఓర్సుకుంటదో ఒక్కటే జూడలే నువ్వు" అంది.

పైగా మర్నాడు క్లాసులో, "సార్, దీని లెక్కల ఒక్క అంకె గూడ తప్పలే" అని నన్ను మెచ్చుకుంది. దానికి కూడా సారు ఆమెనే మెచ్చుకున్నారు... ఎంత మంచి మనసో అని! ఆ రోజు సుజాత నవ్వినా బాగుండేది కదా అనిపించింది. తనివితీరా తిట్టుకునేదాన్ని.

ఇప్పుడు నేను ఫిజిక్స్ టీచర్ని. పంతం పట్టి అయ్యాను, దాపరికం ఏముంది! సుజాత వనపర్తిలో భర్తతో కలిసి మోటార్ వైండింగ్ షాపు నడుపుతోంది. ఇప్పటి పొయ్యిలు వాట్లు వాటంతట అవే చూపిస్తున్నాయి... ఎంత లెక్కయినా ఫోన్ చెప్పేస్తోంది. ఇక ఎవరి మీద కుళ్లుకోవాలి, ఆ రోజులే పోయాయి అనుకున్నాను.

మొన్న నా కూతురు ఓమ్ సూత్రం దగ్గర ఆగిపోయింది. పుస్తకం పట్టుకుని వస్తుంటే, నా దగ్గరికే అనుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాను.

"అమ్మా, సుజాత పెద్దమ్మకు జర ఫోన్ కలుపవా? ఆమె అయితే మంచిగ సమజయ్యేటట్టు చెప్తది..."

కలిపాను. ఏం చేస్తాను!

మిమ్మల్ని కూడా ఇట్లా ఇప్పటికీ ఉడికిస్తున్న వాళ్లెవరైనా ఉన్నారా? చెప్పండి... నేనొక్కదాన్నే కాదని కాస్త ఊరట.