సరిపోయిన బూట్లు

శ్రీహరి ఎక్కడ కూర్చున్నా కాలు ఊగుతుంది. కోరుట్లలో డిగ్రీ మధ్యలో లేచి వచ్చిందీ, జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణంలో మూడు నెలలు కూడా నిలవనిదీ ఆ కాలి వల్లే అంటుంది అక్క స్వప్న. ఇప్పుడు సిరిసిల్లలో ఆమె ఇంట్లోనే ఉంటూ రామస్వామి దగ్గర మరమగ్గం నడుపుతున్నాడు. అక్కడ దాన్ని సాంచ అంటారు. ఆరు సాంచల యజమాని అయినా రామస్వామి ఒకటి తనే నడుపుకుంటాడు.

ఒకరోజు శ్రీహరి సెల్‌ఫోన్లో ఏదో యుద్ధం సినిమా ట్రైలర్ చూస్తూ, పోగు తెగడం గమనించలేదు. బట్ట మీద బారెడు గీత పడింది. రామస్వామి వచ్చి చెంప మీద ఒక్కటిచ్చాడు. సాంచల మోతలో దెబ్బ ఎవరికీ వినపడలేదు. నూలు కండెలు చుట్టే ఆడవాళ్లందరికీ కనపడింది.

ఆ సినిమాను శ్రీహరి శుక్రవారం సిరిసిల్లలో, ఆదివారం కోరుట్లలో, సోమవారం పని ఎగ్గొట్టి జగిత్యాలలో చూశాడు. తమ్ముణ్ని చంపిన పటాలాన్ని ఒక ముసలి సైనికుడు మంచులో వెతికి వెతికి చంపుతుంటాడు. చచ్చిన ప్రతివాడి బూట్లూ విప్పి తొడిగి చూసుకుంటాడు. ఒకటి బిగుతు, ఒకటి వదులు. “ఇంత పాదం పెట్టుకుని యుద్ధానికెట్లా వచ్చావురా?” అని శవాన్ని తిడతాడు. హాలంతా ఒకటే నవ్వు. చివరికి సేనాపతి బూట్లు అచ్చంగా సరిపోతాయి. నాలుగడుగులు వేయగానే కాలి కింద మందుపాతర పేలుతుంది. ఆసుపత్రి మంచం మీద, సైన్యం పంపిన కొత్త జతలో ఒక బూటు మిగిలిన కాలికి తొడుక్కుని, రెండోది నర్సు చేతిలో పెడతాడు. “ఎవరికైనా ఇవ్వమ్మా, కొత్తదే.”

మూడుసార్లూ శ్రీహరికి నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ రెండున్నర గంటలూ కాలు ఊగలేదు.

“గంత రక్తం సూసి బువ్వెట్ల తింటవ్‌ర?” అంది స్వప్న.

“నవ్వొస్తదక్కా.”

“సంపుతుంటే నవ్వొస్తదా?”

“గా ముసలోడు సంపుతుంటే నీకు సుత వస్తది.”

మంగళవారం మధ్యాహ్నం సాంచలు ఆపి అందరూ తిండికి వెళ్లారు. శ్రీహరి ఒక్కడే ఆగి కత్తెర తీశాడు. తిట్టుకున్నా కొట్టుకున్నా పడుగు జోలికి, సాంచకెక్కించిన ఆ నిలువు పోగుల జోలికి మాత్రం ఆ వాడలో ఎవరూ పోరు. పోయాడని తెలిస్తే సిరిసిల్లలో ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. అది తెలిసీ, రామస్వామి సాంచ మీద జానెడు వెడల్పున పోగులు కత్తిరించాడు. ముసలి సైనికుడిలాగే తాపీగా చేద్దామనుకున్నాడు గానీ తలుపు వైపు చూస్తూ గబగబా కోసేశాడు.

రామస్వామి మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

“అరేయ్, ఆ దినం కొట్టుడు తప్పే. నీ సాంచ పాతది, దాంతోని పరేషాన్ అయితున్నవ్. ఇయ్యాల్టి సంది నాది నువ్వు నడుపు. నీది నేను సూసుకుంట.”

శ్రీహరి సాంచకు అడ్డంగా జరిగాడు. అప్పటికే రామస్వామి వంగి పడుగు చూస్తున్నాడు. తెగిన కొసలన్నీ ఒకే వరుసలో ఉన్నాయి.

“ఎలుక కొరికినట్టుంది,” అన్నాడు శ్రీహరి.

“మంచి ఎలుకనే. కత్తెర సుత తెచ్చుకున్నది.”

పక్క సాంచలు మొదలయ్యాయి. ఇక మాట వినపడాలంటే చెవి దగ్గర అరవాలి. శ్రీహరి రామస్వామి చెవి దగ్గరికి వెళ్లి, “నేనే కోసిన,” అని అరిచాడు.

తలుపు వైపు చెయ్యి చూపిస్తాడనే అనుకున్నాడు శ్రీహరి. రామస్వామి కాలితో ఒక స్టూల్ ముందుకు తోసి, అతని చెవి దగ్గర అరిచాడు.

“సాంచ నీదని చెప్పిన. ఇగ పోగులు సుత నీవే. కూసోని అతుకు.”

శ్రీహరి కూర్చుని ఒక్కో పోగూ అతుకుతున్నాడు. ముప్పై అయ్యేసరికి నడుము పట్టేసింది. కొత్త బూటు చేతిలో పట్టుకున్న ఆ నర్సు మొహం గుర్తొచ్చి ఫక్కున నవ్వాడు.

“ఏందిర?” రామస్వామి సైగ చేశాడు.

శ్రీహరి సైగలతోనే కథంతా చెప్పాడు. తుపాకి, బూట్లు, పేలుడు, మిగిలిన ఒక్క కాలు. రామస్వామి నవ్వలేదు. వంగి అతని మోకాలు గట్టిగా పట్టుకుని చెవిలో అరిచాడు.

“గిది ఊపకు. అతికినయన్నీ ఊడుతున్నయ్.”