వియన్నా బస్సులో పక్క సీటు

ఏడేళ్ళుగా నా గుండెల మీద ఒక బరువుంది. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. నేను నిద్రలో ఉలిక్కిపడి లేస్తే ఆమె గ్యాస్ అనుకుంటుంది. జీలకర్ర నీళ్ళు కాచి ఇస్తుంది, నేను బుద్ధిగా తాగుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకుంటే ఇది రాసే పనే ఉండేది కాదు.

నేను ఒక మనిషిని పరాయి దేశంలో నడిదారిలో వదిలేసి వచ్చాను.

కువైట్‌లో, సబ్హాన్‌లోని ఒక గోడౌన్‌లో లెక్కలు చూస్తాను. మాది కోనసీమ. ఓబులేసన్న అదే గోడౌన్‌లో వ్యాన్ డ్రైవరు. రాయచోటి వైపు మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. వేసవి వస్తే మా కఫీల్, అంటే మా యజమాని, ఇంటిల్లిపాదితో యూరప్ వెళ్ళేవాడు. వాళ్ళ పెట్టెలన్నీ ఎయిర్‌పోర్టులో దించేది ఓబులేసన్నే. ప్రతి ఏడూ దించి, ఖాళీ వ్యాన్‌తో ఆ ఎండలో తిరిగొచ్చేవాడు. ఒకరోజు నా టేబుల్ దగ్గరికి వచ్చి, మనలాంటోళ్ళు తక్కువలో పోయొచ్చే దారి ఏమన్నా ఉందా అని అడిగాడు. ఏం చూడాలన్నా అంటే, వాన పడుతుంటే రోడ్డు మీద నడవాలన్నాడు. ఆయన కోరిక అంతే.

తక్కువలో అన్న మాట నాకు చాలు. ఎక్కడ ఏది చవకగా దొరుకుతుందో వెతకడం నాకు పేకాటలాంటిది. రెండు నెలలు దాని మీదే కూర్చున్నాను. చవక విమానం, చవక బస్సులు, ఒకే గదిలో ఎనిమిది మంచాలుండే హాస్టళ్ళు. పెద్ద సంచీకి విమానంవాళ్ళు వేరే డబ్బు తీసుకుంటారని చెరో చేతి సంచీ. ఆయన సంచీలో సగం బొరుగులే. నీళ్ళలో తడిపి, కారప్పొడి, ఉల్లిపాయ కలిపితే పోపు లేని ఉగ్గాణి తయారు, పొయ్యి అక్కర్లేదు. నేను పడీపడీ నవ్వాను. తర్వాత ఆయనకన్నా నేనే ఎక్కువ తిన్నాను.

ఆయన వీసాకు ఉత్తరం ఇవ్వడానికి కఫీల్ ముందు ఒప్పుకోలేదు. అంతకు ముందు ఎవరి డ్రైవరో ఒకడు అలాగే యూరప్ వెళ్ళి అటునుంచి అటే మాయమయ్యాడట. నేను హామీ ఉన్నాను. నా వెంట తీసుకెళ్తాను, నా వెంటే తీసుకొస్తాను అన్నాను. ఆ మాట మీద ఉత్తరం ఇచ్చాడు.

మ్యూనిక్‌లో వాన పడింది. జనం పరుగులు తీశారు, ఈయన మాత్రం మొహం పైకెత్తి నడిరోడ్డు మీద నడుస్తూనే ఉన్నాడు. నేను ఒక కొట్టు చూరు కింద నిలబడి, మ్యూజియంలో టికెట్ లేకుండా వదిలే సమయం దాటిపోతోందని కేకలు వేస్తున్నాను. ఆయన వినిపించుకోలేదు. ప్రతి చోటా ఇదే తంతు. ఇంగ్లీషు ముక్క రాని మనిషి చుట్టూ హాస్టల్ కుర్రకారు చేరేవాళ్ళు. వాళ్ళకు బొరుగులు పెట్టేవాడు, వాళ్ళు ఆయనకు రొట్టెలు ఇచ్చేవాళ్ళు. ఆయన జోకులు నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి. నవ్వులన్నీ ఆయనకు, చాకిరీ నాకు. దీన్ని అసూయ అంటే అప్పట్లో నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఒప్పుకోవడానికే కదా ఇప్పుడు కూర్చున్నది. అసూయే.

వెనిస్‌లో, బయల్దేరే ముందురోజు, పెద్ద చౌకులో కుర్చీ లాక్కుని కూర్చుని ఆయన కాఫీ చెప్పాడు. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఒక ధర, పక్కన వాయిద్యాలు మోగుతుంటే దానికీ ఒక ధర. బిల్లు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అది నా డబ్బు కాదు. అయినా పదిమందిలో ఆయన మీద అరిచాను. ఆయన తాపీగా డబ్బులు కట్టి, కప్పు కింద పెట్టి, నవ్వుతూనే అన్నాడు. "నువ్వు ఊర్లు చూళ్ళేదు తమ్ముడూ. బిల్లులు చూసినావు."

చెంప మీద కొట్టినట్టయింది. నిజం కాకపోతే అంత తగిలేదా? ఆ సాయంత్రం నేను మాట్లాడలేదు. పొద్దున్నే వియన్నా బస్సెక్కాక కూడా మాట్లాడలేదు. ఆ రాత్రికే వియన్నాలో మా కువైట్ విమానం. మా వీసాలు కూడా ఆ రాత్రితో సరి. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే కొండలు చూస్తూ, అప్పుడప్పుడూ నా మోచేతిని తట్టి చూడమంటున్నాడు. నేను చూడలేదు. ఆయన ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే, నా వైపున్న ప్లగ్గులో పెట్టమని ఇచ్చాడు. పెట్టాను.

మధ్యాహ్నం ఆస్ట్రియా కొండల్లో ఒక పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆపారు. ఇరవై నిమిషాలన్నాడు డ్రైవరు. అక్కడ మరుగుదొడ్డికి కూడా గేటుంటుంది, నాణెం వేస్తేనే తెరుచుకుంటుంది. బయల్దేరిన రోజు నుంచీ నేను ఆయనకు ఒకటే చెబుతున్నాను, వాటిలో డబ్బులు పోయకు, ఊరికే దొరికే చోటు వెతుక్కో అని. అంతగా అరిచినా, నేను నేర్పింది ఆయన మరిచిపోలేదు. బంకు వెనక చెట్ల వైపు నడుచుకుంటూ వెళ్ళాడు.

ఇరవై నిమిషాలు అయిపోయాయి. డ్రైవరు పెద్దాయన. బస్సులో సగం దాకా వచ్చి, తలలు చూసుకుంటూ నా దగ్గర ఆగాడు. పక్క సీటు చూశాడు. బొటనవేలు పైకెత్తి, అంతా సరేనా అన్నట్టు కళ్ళతో అడిగాడు.

నేను తలూపాను.

ఎందుకు ఊపాను? వెనక ఏదో ఖాళీ సీట్లో కూర్చుని ఉంటాడనుకున్నానా? నా ముంగితనం భరించలేక అటు పోయి కూర్చున్నాడనుకున్నానా? అలా అనుకున్నాననే ఏడేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. మరి ఒక్కసారి వెనక్కి తిరిగి చూడటానికి మెడ ఎందుకు తిరగలేదు? బస్సు పెద్దరోడ్డు ఎక్కింది. ఇప్పుడైనా చెప్పాలి అనుకున్నాను. ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు తలూపావని అడుగుతారు. ఇంకాసేపు పోయింది. ఇప్పుడు చెబితే ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. బస్సు వెనక్కి తిరిగితే ఆలస్యమవుతుంది, విమానం పోతుంది, ఆ టికెట్లకు డబ్బు వెనక్కి రాదు, ఎందుకంటే అంత చవక టికెట్లు కొన్నవాణ్ణి నేనే. చివరికి కళ్ళు మూసుకున్నాను. అడిగితే నిద్రపోయానని చెప్పడానికి.

వియన్నాలో దిగాక అదే చెప్పాను. ఆ డ్రైవరు తల పట్టుకున్నాడు. తప్పు తనదేనన్నాడు, సరిగ్గా లెక్కపెట్టలేదన్నాడు. ఆ బంకుకు ఫోన్ చేస్తే అక్కడ ఎవరూ లేరన్నారు. ఆ డ్రైవర్ని అలా తనను తాను తిట్టుకోనిచ్చాను. నేను ఆగిపోవచ్చు. ఆ బంకుకు తిరిగి వెళ్ళే బస్సు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నేను ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. ఓబులేసన్న ఫోన్ జేబులో పెట్టుకుని విమానం ఎక్కాను.

మర్నాడు పొద్దున్నే కఫీల్ నన్ను షర్క్‌లోని ఆఫీసుకు పిలిపించాడు.

"హరబ్?" అన్నాడు. పారిపోయాడా అని.

"మా అద్రీ," అన్నాను. నాకు తెలియదని.

"నువ్వేగా వెంట తెస్తానన్నది?"

నేను కార్పెట్ చూస్తూ నిలబడ్డాను. నోరు తెరిస్తే చాలు, ఆయన పారిపోలేదు, నేను వదిలేశాను అని. కానీ అప్పుడే నా భార్య వీసా కాగితాలు ఆఫీసులో కదులుతున్నాయి. హామీ ఉన్నవాణ్ణి నేను. నా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్ కూడా ఈయన చేతిలోదే.

"ఖలాస్," అన్నాడు. ఆఫీసు కాగితాలు చూసే మనిషిని పిలిచాడు. మధ్యాహ్నం నమాజు వేళకు ఓబులేసన్న ఇఖామా రద్దయిపోయింది.

మూడో రోజు ఆయన ఎవరి ఫోన్ నుంచో నాకు చేశాడు. బస్సు వెనక పెద్దరోడ్డు పక్కన నడిచాడట. పోలీసులు ఎక్కించుకుని తీసుకెళ్ళి, ఒక కోటు ఇచ్చి, కాగితాలన్నీ చూసి వియన్నాకు పంపారట. అక్కడ కువైట్ విమానం కౌంటర్లో, నీ ఇఖామా లేదు పొమ్మన్నారట. కఫీల్‌కు చేస్తే, పారిపోయి అక్కడ బతకలేక ఇప్పుడు తిరిగొస్తానంటున్నావా అని పెట్టేశాడట. ఇక ఇండియాకు పోవడమే, ఊర్లో మా అన్న టికెట్ పంపుతున్నాడు అన్నాడు. నేను ఇంకా ఏమీ చెప్పకముందే ఆయనే అన్నాడు. "నువ్వు పడుకోనుంటివి ప్పా, నీ తప్పేముంది? నేనే ల్యాటు చేస్తిని."

అవునన్నా, నిద్రపట్టేసింది అన్నాను.

ఆయన గదిలో సామాన్లన్నీ శ్రద్ధగా సర్ది, ఫోన్‌తో సహా ఊరెళ్ళేవాళ్ళ చేత పంపాను. ఎంత శ్రద్ధగా అంటే, చొక్కాలు ఇస్త్రీ చేయించి మరీ. ఆయన ఫోన్ చేసి దండాలు పెట్టాడు. ఇప్పుడు మదనపల్లె నుంచి టమాటా లారీ నడుపుతున్నాడు. నడుం నొప్పట. కువైట్‌కు మళ్ళీ రావాలని చాలా ప్రయత్నించాడు, పారిపోయినవాడన్న మాట మా వాళ్ళందరిలో పాకిపోయి ఏ కంపెనీలోనూ ఆయన పేరు చెప్పేవాళ్ళు లేకపోయారు. ఆ మాట అబద్ధమని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పండగలకు ఫోన్ చేస్తాడు. మా తమ్ముడు నాకు యూరప్ చూపించినాడని లారీ ఎక్కినవాళ్ళందరికీ ఫోటోలు చూపిస్తాడట.

పోయిన రంజాన్‌లో కఫీల్ ఇంటికి శుభాకాంక్షలు చెప్పడానికి వెళ్ళాను. ముసలాడైపోయాడు, చేతికర్ర వచ్చింది. ఎలాగో ధైర్యం చేసి, ఆ డ్రైవరు పారిపోలేదు, బస్సు వదిలేసి వెళ్ళిపోయింది అన్నాను. ఏ డ్రైవరు అన్నాడు. పేరు చెప్పాను. గుర్తు రాలేదు. ఎంతమంది డ్రైవర్లు వచ్చారు, ఎంతమంది పోయారు అంటూ నాకు ఖహ్వా, వాళ్ళ కాఫీ, పోయించాడు. తాగాను. అక్కడ కూడా బస్సు వదిలేసింది అన్నానే తప్ప నేను వదిలేశానని అనలేదు.

మీతో కూడా పూర్తిగా చెప్పలేదు. పైన ఒక ముక్క దాచాను. రాయబోయాను, చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు రాస్తాను.

బస్సు కదిలి, రోడ్డు ఎక్కడానికి బంకు చుట్టూ తిరిగింది. నా కిటికీ అటు వైపే. ఓబులేసన్న చెట్లలోంచి వస్తున్నాడు, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ. బస్సును చూసి చెయ్యెత్తాడు. పరిగెత్తలేదు. బస్సు తన కోసమే తిరిగి వస్తోందనుకున్నాడు కాబోలు, నవ్వుతున్నాడు. ముందురోజు ఆ మాట అన్నప్పుడు నవ్విన నవ్వే. నేను చూశాను. ఆపండి అనడానికి చాలినంత సమయముంది. నిలబడనీ, అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. బస్సు మలుపు తిరిగింది.

ఆ కిటికీ అద్దం కొంచెం నల్లది. లోపల నేను ఆయనకు కనిపించానో లేదో నాకు తెలియదు. నువ్వు పడుకోనుంటివి అని ఇప్పటికీ అంటుంటాడు. అన్న ప్రతిసారీ ఆ గొంతులో ఏముందా అని చెవి ఒగ్గి వింటాను. నమ్మి అంటున్నాడా? చూసి, తెలిసి, నన్ను వదిలేస్తున్నాడా? లేక నా నోటితోనే వినాలని ఏడేళ్ళుగా కాచుకుని ఉన్నాడా? అడిగే మొహం నాకు లేదు. ఆయన క్షమించినా అది నిద్రపోయినవాడికే చెందుతుంది.

నేను నిద్రపోలేదన్నా. మేలుకునే ఉన్నాను. నిన్ను చూశాను.