కొబ్బరికాయ కుస్తీలో నవ్వని మనిషి

సాయిలు పైల్వాన్ ఇక లేడన్న వార్త కామారెడ్డి కూరగాయల మార్కెట్లో ఉండగా నాకు ఫోన్లో తెలిసింది. చెప్పినవాడు ఆయన శిష్యుడు నర్సింలు. ‘సార్, ఉస్తాద్ పోయిండు’ అన్నాడు. ఆయన రోగం సంగతి తెలిసినవాణ్ణే, ఈ కబురు ఏ రోజైనా రావచ్చని ఎదురుచూస్తున్నవాణ్ణే. అయినా బెండకాయలు ఏరుతున్న చేయి అలాగే ఆగిపోయింది. తరువాత నర్సింలు అడిగిన మాట నన్ను చావు కబురు కంటే ఎక్కువ కుదిపింది.

‘సార్, నేను రావొచ్చునా?’

తండ్రి వంటి గురువు పోతే శిష్యుడు అనుమతి అడగడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. రెండు నెలలుగా మా ఊరు ఆ నర్సింలును గురువు ప్రాణం మీదికి తెచ్చినవాడిగా చూస్తోంది. అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం అంతదూరం పాకడంలో నా పాపం కూడా ఉంది. సాయిలు ఎలాంటి మనిషో చెబితే తప్ప ఆ సంగతి బోధపడదు. కనుక ఈ నాలుగు మాటలూ నివాళిగానే కాదు, సాక్ష్యంగా కూడా రాస్తున్నాను.

మాది మహమ్మద్‌నగర్‌కు కూతవేటు దూరంలో ఉన్న పల్లె. సాయిలు కాలువ కింద రెండెకరాల వరి పండించుకునే రైతు. నాకంటే మూడేళ్లు పెద్ద. ఊరి చివర రేకుల కప్పు కింద ఆయన నడిపిన తాలీమ్‌లో, అంటే కుస్తీ నేర్పే చోట, మట్టిని జల్లెడ పట్టి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి స్వయంగా తన చేతులతో పిసికేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా నలభై ఏళ్లు విద్య నేర్పాడు. నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. నాకు కుస్తీ రాదు, మాట్లాడటం వచ్చు. అందుకని ముప్పై ఏళ్లు మా జాతర కుస్తీలకు మైకు పట్టుకున్నాను. ఊరంతా నన్ను సారు అంటే ఆయనా, ఆయన ఇంటావిడా మాత్రం పంతులూ అనేవారు.

మా వైపు జాతరలో పోటీలు కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగుస్తాయి. మొదటిదానిలో గెలిస్తే దక్కేది ఒక కొబ్బరికాయ. ఎవరైనా దిగవచ్చు. బావలు బామ్మర్దులతో తలపడతారు, కల్లు తాగి వచ్చినవాళ్లు తమ మీద తామే పడతారు, జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. పొద్దు వాలే వేళకు అసలైన పైల్వాన్లు కడెం కోసం దిగుతారు. అప్పుడు గోదా చుట్టూ ఒక్కడి ముఖంలో నవ్వుండదు. ఆట సరదాకా, పట్టుదలకా అని పండితులు వాదించుకోనక్కర లేకుండా మా పెద్దలు రెంటికీ చెరొక వేళ పంచి ఇచ్చారన్నమాట.

సాయిలు దగ్గర ఈ పంపకం తలకిందులైంది. మా ప్రాంతంలో కడెం ఎన్నిసార్లు గెలిచాడో ఆయనకే గుర్తులేదు. అంతటివాడు ఏటేటా అందరికంటే ముందు కొబ్బరికాయ కుస్తీకి దిగేవాడు. దిగి, యజ్ఞానికి కూర్చున్నవాడి ముఖం పెట్టేవాడు. ఎదుట ఉన్నది కల్లు తాగి తూలే కుమ్మరి రాజయ్యయినా సరే, మట్టికి మొక్కి, గుప్పెడు తీసి అతని భుజాల మీద చల్లి, శ్రద్ధగా పట్టు పట్టి, వీపు నేలకు తగిలించి, చేయి పట్టి లేపేవాడు. సాయంత్రం కడెం కుస్తీలో మాత్రం ఎదుటివాడు మెడ విరుస్తున్నా నవ్వుతూనే ఉండేవాడు. నాకిది ఏళ్ల తరబడి అర్థం కాలేదు. నాకు అర్థం కానిదాన్ని వెక్కిరించడం నా స్వభావం.

ఒక ఏడు మైకులో అననే అన్నాను. ‘ఉస్తాద్ గారు కొబ్బరికాయ కోసం కురుక్షేత్రం చేస్తున్నారు, ఇంట్లో వదినె పచ్చడికి కొబ్బరి లేదన్నదేమో.’ జనం గొల్లుమన్నారు. సాయిలు తలెత్తి నన్ను చూసి, చేత్తో రమ్మని సైగ చేశాడు. నలుగురూ ఎగదోశారు. నాకప్పటికి నలభై దాటాయి, పొట్ట నాకంటే ముందు నడుస్తోంది. కాసేపు నాతో ఆడించి, చివరికి నా కింద పడి, పంతులు పరువు నిలబెడతాడని లెక్క వేసుకుని బనియన్ మీద దిగాను. ఆయన నా భుజాల మీద మట్టి చల్లాడు. అందరి ముందూ పట్టుకు ఒంగినట్టే నా ముందూ ఒంగాడు. ఆ తరువాత నాకు గుర్తున్నది ఆకాశం. అది చాలా విశాలంగా ఉంది.

మర్నాడు పసుపూ సున్నమూ కలిపిన ముద్ద తీసుకుని నా భుజానికి పట్టు వేయడానికి ఇంటికి వచ్చాడు. తలుపు తీయలేదు. నెల రోజులు ముఖం చాటేశాను. ఒకనాడు కాలువ గట్టు మీద ఎదురుపడితే ఇక ఆగలేక, ‘నలుగుర్ల నవ్వులపాలు చేస్తివి గదా సాయిలన్నా’ అన్నాను.

‘నవ్వింది జనం. నేను నవ్విన్నా పంతులూ?’ అన్నాడాయన. ‘నువ్వు గోదాల దిగినవ్. దిగినోన్ని ఉత్తుత్తగ పట్టుకుంటే వాన్ని మనిషిగ లెక్కజెయ్యనట్టే గదా.’

ఆ గట్టు మీదే నాకు తన గురువు ఖాదర్ ఉస్తాద్ కథ చెప్పాడు. సాయిలుకు ఇరవై రెండేళ్లప్పుడు, వయసు మళ్లిన ఖాదర్ ఉస్తాద్ ఒక జాతరలో ముచ్చటపడి కొబ్బరికాయ కుస్తీకి దిగాడట. శిష్యుడే ఎదురు నిలిచాడు. గురువు గెలవాలని, నలుగురూ సంతోషించాలని సాయిలు కావాలనే పడిపోయాడు. ఈలలు, చప్పట్లు. ఖాదర్ ఉస్తాద్ మాత్రం తనకిచ్చిన కొబ్బరికాయ తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టాడు.

‘ఏమన్నడో ఎరుకేనా? నన్ను పసిపిల్లగాన్ని చేసి ఆడిపిస్తివి గదరా బేటా, అన్నడు. గంతే. మల్ల ఆయన సచ్చేదాంక గోదా మొఖం సూడలే. ఓడగొడితే వచ్చేటోడు పంతులూ. ఓడగొడితే మల్ల ఏడు తప్పకుండ వచ్చేటోడు.’

చెబుతూ చెబుతూ అంతటి మనిషి కళ్లు తుడుచుకున్నాడు. నేను అర్థమైందన్నట్టు తల ఊపాను. మరి కడెం కుస్తీలో నవ్వెందుకని అడిగాను.

‘కడెం కోసం కుస్తీ పడితే చెయ్యి కడెం మీదనే ఉంటది, ఎదుటోని మీద ఉండది. అందుకే దాన్ని నవ్వులాట చేసుకుంట. నవ్వితెనే ఎదుట ఉన్న మనిషి కండ్లబడతడు.’

ఇది వేదిక మీద చెప్పి మరచిపోయే మాట కాదు ఆయనకు. ఒకసారి దెగ్లూర్ వైపు నుంచి వచ్చిన మరాఠీ కుర్రవాడొకడు ఆయన్ను కడెం కుస్తీలో వెల్లకిలా పడేశాడు. సాయిలు లేచి, వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుని గోదా చుట్టూ తిప్పి, ఆ తరువాత తన ఇంటికే భోజనానికి తీసుకుపోయాడు. నన్నూ రమ్మన్నాడు. ఆయన భార్య రాజవ్వ జొన్నరొట్టెలు వేస్తూ నాతో ‘ఓడొచ్చిన నాడే ఈయన రెండు రొట్టెలు ఎక్కువ తింటడు పంతులూ’ అన్నది. ఆ పూట మూడు ఎక్కువే తిన్నాడు.

కిందటి చలికాలంలో ఆయన కడుపులో గడ్డ బయటపడింది. హైదరాబాద్‌లో చూసిన డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపారు. పంచె కుచ్చిళ్లు నిలవనంతగా చిక్కిపోయాడు. అయినా ఈ ఏటి జాతరకు కొబ్బరికాయ కుస్తీలో తన పేరే ముందు రాయమన్నాడు. ఎదురు నిలిచేందుకు ఎవరూ ముందుకు రాకపోతే తానే నర్సింలు పేరు చెప్పాడు. నర్సింలు ఆ తాలీమ్‌లో పెరిగినవాడు. కొన్నేళ్లు దుబాయిలో పని చేసి వచ్చి, ఎల్లారెడ్డిలో టైర్ల పంక్చర్ దుకాణం పెట్టుకున్నాడు. నిరుడు కడెం గెలిచింది అతడే.

జాతర ముందు రోజు నేను ఎల్లారెడ్డి బస్సెక్కి అతని దుకాణానికి వెళ్లాను.

‘రేపు నువ్వు పడాలె నర్సింలూ. ఆయనకిది ఆఖరి జాతర. గెలిచిన సంబురంతోని పోనీ’ అన్నాను.

‘ఉస్తాద్‌కు ఎరుకైతది సార్.’

‘జనానికైతే ఎరుక గాదు గద. ఇంత చేసినాయనకు ఒక్క కొబ్బరికాయ ఇయ్యలేవా?’

అతడు చేతిలోని ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చిల్లు వెతుకుతూ, చివరికి ‘సరే సార్’ అన్నాడు. ఘనకార్యం చేసినవాడిలా తిరిగి వచ్చాను. ఖాదర్ ఉస్తాద్ కథ విన్నవాణ్ణి నేను. చెప్పినవాడి కన్నీళ్లు చూసినవాణ్ణి. అయినా ఆ పని చేశాను. ప్రేమ, మా మాటలో పావురం, మనిషిని ఇంత మొద్దును చేస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

మర్నాడు సాయిలు ఒకరి సాయం లేకుండా గోదాలోకి నడిచాడు. మట్టికి మొక్కాడు. నర్సింలు ఆయన పాదాలకు దండం పెట్టాడు. చేతులు కలిశాయి. మొదటి పట్టులోనే నర్సింలు మోకాలు వంచి, ఒళ్లు వదిలేశాడు. నాకు తెలిసింది. నాకంటే ముందు సాయిలుకు తెలిసింది. ఆయన పట్టు వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగి, శిష్యుడి ముఖంలోకి చూశాడు. మళ్లీ చేతులు చాచి నిలబడ్డాడు.

ఆ నిలబడటాన్ని వర్ణించే శక్తి నా తెలుగుకు లేదు. చావు దగ్గరలో ఉందని తెలిసిన మనిషి, ఎముకలు లెక్కపెట్టగల ఛాతీతో, నన్ను తక్కువ చేయకు అని అడుగుతున్నాడు. నర్సింలు కళ్లు తుడుచుకుని, ఈసారి నిజంగా వచ్చాడు. నిరుడు కడెం గెలిచిన బలంతో వచ్చాడు. సాయిలు ఆ బలాన్ని కాచుకున్నాడు, పక్కకు తిప్పాడు, కాలితో మెలిక వేసి ఆ నిండు యువకుణ్ణి ఒక మోకాలి మీదికి తెచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సత్తువ నాకు తెలియదు. విద్య అంటే ఇదీ అని ఒళ్లు గగుర్పొడిచి మైకు సంగతే మరిచిపోయాను. తరువాత నర్సింలు ఆయన నడుము అందుకుని, తిప్పి, వీపు నేలకు తాకించాడు.

సాయిలు మట్టిలో వెల్లకిలా పడి, రొప్పుతూ, నవ్వాడు. కొబ్బరికాయ కుస్తీలో ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

‘పంతులూ, చెప్పు. మైకుల చెప్పు ఎవలు గెలిచిండ్రో’ అన్నాడు.

మరిచిపోయిన మైకును మళ్లీ అందుకున్నాను. ఎలాగో నర్సింలు పేరు చెప్పాను. ఒక్క చప్పట్టు వినిపించలేదు. గుంపులోంచి ఎవరో ‘సచ్చేటోన్ని పడగొట్టినవ్ గదరా’ అన్నారు. ఆ మాట అక్కడ పుట్టి ఊరంతా తిరిగింది. కొద్ది రోజులకే రోగం ముదిరి ఆయన మంచాన పడేసరికి, ఆ దెబ్బకే పడ్డాడని తీర్మానించారు. ఆ కుస్తీకీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. నర్సింలు చూడవస్తే ఊరివాళ్లు వాకిట్లోనే ఆపి పంపేవాళ్లు. ఉస్తాద్ మంచంలోంచే కోప్పడితే, మందుల మత్తులో ఏదో అంటున్నాడన్నారు. ఎల్లారెడ్డి బస్టాండు హోటల్లో ఒకనాడు నా ఎదుటే నర్సింలును నోటికొచ్చినట్టు తిట్టారు. పడిపొమ్మని బతిమాలింది నేనేననీ, పడబోయినవాణ్ణి ఉస్తాదే నిలబెట్టాడనీ ఆ రోజు చెప్పి ఉండాల్సింది. టీ తాగి లేచి వచ్చాను. ఇందుకు నన్ను నేను క్షమించుకోలేను.

కనుక ఫోన్లో నర్సింలుతో ‘రా, నేనున్న’ అన్నాను. వచ్చాడు, కానీ గుంపులోకి రాకుండా దూరంగా గోడ పక్కన నిలబడ్డాడు. పాడె ఎత్తే వేళకు ఒక కులపెద్ద ‘వాన్ని ఇటు రానియ్యకుండ్రి’ అన్నాడు. అప్పుడు నోరు తెరిచాను. ఆలస్యంగానైనా, మైకు లేకుండా, అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పాను. శవం తల దగ్గర కూర్చున్న రాజవ్వ నా వైపు చూసింది.

‘నీకు ఆయన మీద పావురం పంతులూ, అందుకే గట్ల అన్నవ్’ అన్నది. ‘పావురం ఊరందరికి ఉండె. అందరు కల్సి ఆయనను రోగిని చేసిండ్రు. ఈ పిలగాడొక్కడే ఆఖరుదాంక పైల్వాన్ అనుకున్నడు. ఆనాడు ఓడి ఇంటికొచ్చి ఆయన రొట్టె తిన్నడు. నెల రోజులకు ఆనాడే తిన్నడు.’

అని, గోడ వైపు తిరిగి, ‘నర్సింలూ, ముందటి భుజం నీదే, రా బిడ్డా’ అని పిలిచింది.

అతడు వచ్చి పాడె ముందు భుజం పట్టాడు. ఆ కులపెద్ద పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నేను వెనక నడిచాను, నా చోటు అదే.

దిగిన ప్రతి మనిషినీ నిండు మనిషిగా చూసిన ఆ మహామల్లుడికి చేతులెత్తి మొక్కుతున్నాను. గెలిచినవాణ్ణి పొగడటానికి మాలో చాలామందిమి మిగిలాం. ఓడినవాణ్ణి అంత గౌరవంగా ఓడించడం తెలిసినవాడు మాకిక లేడు.